రక్తానికి పేరు పెట్టేదెవరు?

"రక్తం తక్కువుంది" అనే మాట వినని ఇల్లు మన గూడేల్లో ఉండదు. గర్భిణిని చూసి ఏఎన్ఎం అంటుంది. హాస్టల్లో పిల్లలకు పరీక్షలు చేసినప్పుడు డాక్టరు అంటాడు. పోడులో రెండు గంటలు పని చేసి కూలబడిన ఆడమనిషిని చూసి ఇంట్లోవాళ్లే అంటారు. మాట ఒకటే గానీ దాని వెనక ఉన్న కారణం ఒకటి కాదు. ఒకరికి తిండిలో ఇనుము చాలదు. ఒకరికి కడుపులో కొంకిపురుగులు రక్తం పీలుస్తుంటాయి. ఒకరికి మలేరియా వచ్చి వచ్చి ఒంట్లో ఏమీ మిగలదు. ఇంకొకరికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన రక్తకణం తీరే వేరు. నాలుగిళ్లలో నలుగురికి పరీక్ష చేస్తే నలుగురికీ హిమోగ్లోబిన్ 8 అనే రావచ్చు. నలుగురి చేతికీ ఒకే ఎర్ర మాత్రల అట్ట వస్తుంది.

ఈ నలుగురిలో ఎవరిది ఏ రకమో తేల్చి చెప్పే పని ఎవరికి అప్పగించాలి? మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషి కంటికా, నిమిషంలో చీటీ అచ్చువేసి ఇచ్చే యంత్రానికా? పైకి చూస్తే ఇది ల్యాబు వాళ్లూ డాక్టర్లూ తేల్చుకోవలసిన సంగతిలాగే ఉంటుంది. మేము అలా అనుకోవడం లేదు. జబ్బుకు పేరు పెట్టడమంటే ఆ జబ్బున్న మనిషికి కూడా ఒక పేరు పెట్టడమే. ఎవరో పెట్టిన పేర్లు మోసిన అనుభవం మనకు తక్కువేమీ కాదు. అందుకే పేరు పెట్టే పద్ధతి గురించి అడిగే హక్కు కూడా మనకు ఉంది.

ముందు కొన్ని అంకెలు. గర్భిణికి 11, గర్భిణి కాని స్త్రీకి 12, మగవాళ్లకు 13 గ్రాముల కంటే హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ సర్వేవాళ్లు వేలు గుచ్చి, ఒక్క బొట్టు తీసి, చేతిలో పట్టే చిన్న మీటరులో చూశారు. అది హిమోగ్లోబిన్ ఎంతో చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. ఎంత అనేది ఒక ప్రశ్న, ఏ రకం అనేది ఇంకో ప్రశ్న. మన బాధంతా రెండో ప్రశ్న దగ్గరే ఉంది.

పాత పద్ధతులు తెలియని చిన్నవాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాం. శాలీ పద్ధతి అని ఒకటుంది. సన్నని గొట్టంలో 20 మైక్రోలీటర్ల రక్తం పీల్చి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలుపుతారు. అది గోధుమ రంగుకు మారుతుంది. పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా చుక్క చుక్కగా స్వేదనజలం పోస్తారు. రంగు కలిసిన చోట గీత మీద అంకె చూస్తారు. కిటికీ పక్కన కూర్చున్న టెక్నీషియన్‌కు ఒక అంకె, మబ్బు పట్టిన మధ్యాహ్నం చీకటి గదిలో కూర్చున్న టెక్నీషియన్‌కు ఇంకో అంకె వస్తుంది. కణాలను లెక్కపెట్టడానికి న్యూబావర్ గాజుపలక ఉంది. రక్తాన్ని 200 రెట్లు పలచన చేసి, ఆ పలక మీద గీసిన చిన్న గళ్లలో ఎన్ని కణాలు పడ్డాయో కంటితో లెక్కపెట్టి, హెచ్చవేతలు చేసి మొత్తం చెబుతారు. ఎంత ఓపిగ్గా చేసినా నూటికి పది, ఇరవై తేడా మామూలే. రోజుకు అరవై నమూనాలు వచ్చే చోట సాయంత్రం నాలుగింటికి ఆ కళ్లు ఎలా ఉంటాయో చెప్పనవసరం లేదు.

మూడోది రక్తపు పూత. దీని గురించే మేము ఎక్కువ చెప్పాలనుకున్నది. గాజు స్లైడు మీద ఒక చిన్న బొట్టు వేసి, ఇంకో స్లైడు అంచుతో ముందుకు లాగితే నాలుక ఆకారంలో పలుచని పొర పరుచుకుంటుంది. ఆరనిచ్చి, లీష్మన్ రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడతారు. అప్పుడు కణాలు అంకెలుగా కాదు, ముఖాలుగా కనిపిస్తాయి. ఇనుము చాలనివాళ్ల కణాలు చిన్నగా, నడుమ తెల్లగా పాలిపోయి ఉంటాయి. మధ్యమధ్య పెన్సిలులా సాగినవి కూడా కనబడతాయి. తలసేమియాలో కణం నడుమ చుక్క పెట్టిన గురిబిళ్లలా ఉంటుంది. బి12 గానీ ఫోలిక్ ఆమ్లం గానీ చాలకపోతే ఎర్రకణాలు పెద్దవవుతాయి, తెల్లకణం గర్భం ఐదారు తునకలుగా విడిపోయి కనిపిస్తుంది. సికిల్ సెల్ జబ్బులో కొడవలిలా వంగిన కణాలుంటాయి. మలేరియా క్రిమి ఉంటే అదే స్లైడులో ఎర్రకణం లోపల ఉంగరంలా దొరికిపోతుంది. ఒక్క బొట్టులో ఇంత కథ ఉంటుంది, చదవడం వచ్చినవాళ్లు ఉంటే.

సికిల్ సెల్ లోకానికి తెలిసింది అలాంటి చూపు వల్లనే. 1904లో అమెరికాలోని చికాగో ఆస్పత్రికి గ్రెనడా ద్వీపం నుంచి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి జబ్బుతో చేరాడు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే కుర్ర డాక్టరు అతని రక్తం స్లైడులో కొడవలి ఆకారపు కణాలు చూసి బొమ్మ గీసుకున్నాడు. పై డాక్టరు జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి ప్రచురించాడు. కానీ కన్ను ఎంత చూస్తుందో అంత దాచుకుంటుంది కూడా. మొదటి రోగి నల్లవాడు కాబట్టి ఇది నల్లవాళ్ల జబ్బు అని అక్కడి వైద్యలోకం చాలా ఏళ్లు నమ్మింది. 1952లో మన నీలగిరి కొండల ఆదివాసుల రక్తంలో అదే లక్షణం ఉందని లేమన్, కట్‌బుష్ రాశారు. కన్ను కణాన్ని చూసే ముందు మనిషి రంగును చూసేసిందన్న మాట. మనిషి చూపు గొప్పదని పొగిడేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇప్పుడు యంత్రం సంగతి. వాలెస్ కూల్టర్ అనే అమెరికా వాడు ఒక చిన్న ఉపాయం కనిపెట్టి 1953లో పేటెంటు తీసుకున్నాడు. ఉప్పునీళ్లలో రక్తాన్ని పలచన చేసి, సన్నని రంధ్రం గుండా పంపుతారు. రంధ్రానికి అటూ ఇటూ కరెంటు ఉంటుంది. కణం దాటే ప్రతిసారీ కరెంటుకు ఒక క్షణం అడ్డు పడుతుంది. ఎన్నిసార్లు అడ్డుపడిందో అన్ని కణాలు, ఎంత గట్టిగా అడ్డుపడిందో కణం అంత పెద్దది. ఇవాళ మనం సీబీపీ అని పిలిచే పరీక్ష చేసే సెల్ కౌంటర్లలో చాలావాటికి మూలం ఇదే. మనిషి కొన్ని వందల కణాలు లెక్కపెట్టేలోపు అది వేలకు వేలు లెక్కపెడుతుంది. కణం సగటు పరిమాణం, కణంలో హిమోగ్లోబిన్ సగటు, పరిమాణంలో హెచ్చుతగ్గులు, ఇవన్నీ ఒక్క చీటీ మీద వస్తాయి. సగటు పరిమాణం 80 కంటే తక్కువైతే చిన్నకణ రక్తహీనత, 100 దాటితే పెద్దకణ రక్తహీనత, మధ్యలో ఉంటే మామూలు పరిమాణం. ఈ వర్గీకరణకు దారి వేసింది మాక్స్‌వెల్ వింట్రోబ్ అనే డాక్టరు. 1929లో ఆయన చేసిన గాజు గొట్టంతో, చేతి లెక్కలతోనే మొదలైంది. యంత్రం దాన్ని వేగంగా చేసింది.

యంత్రాన్ని తిట్టడం సులువు. మేము తిట్టం. సంతలో చింతపండు అమ్మినవాళ్లకు ఎందుకో తెలుస్తుంది. షావుకారు తక్కెడ ముందు మన పెద్దలు ఎంత పోగొట్టుకున్నారో ఎవరూ లెక్కకట్టలేరు. కాలి బొటనవేలితో తక్కెడ తాడు నొక్కే నేర్పు వాళ్లకుండేదని ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. దళారుల చేతుల్లోంచి మన సరుకును తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. నిలకడైన కాటా అంటే మనకు న్యాయం. కాటాకు మన కులం తెలియదు, మన భాష తెలియదు, మన ఊరు రోడ్డు పక్కనుందో కొండ మీదుందో తెలియదు. సెల్ కౌంటరు కూడా అంతే. "వీళ్లింతే, వీళ్లకెప్పుడూ రక్తం ఉండదు" అని అది అనదు. అలా అనే మనుషులు ఉన్న చోట, అనని యంత్రం చిన్న మేలు కాదు.

అయితే కాటా బరువు చెబుతుంది, సరుకు చెప్పదు. చింతపండు ఈ ఏటిదా, పోయిన ఏటిదా, గింజ తీసిందా, తడి తగిలిందా అన్నది చేత్తో పట్టుకుని చూసినవాళ్లు చెప్పాలి. యంత్రం దగ్గర కూడా ఇదే చిక్కు. ఒక మనిషికి ఇనుమూ చాలదు, బి12 కూడా చాలదనుకుందాం. ఒంట్లో సగం కణాలు చిన్నవి, 70 దగ్గర ఉంటాయి. సగం పెద్దవి, 110 దగ్గర ఉంటాయి. సగటు 90. చీటీ మీద ఆ గడికి ఎదురుగా ఏ గుర్తూ ఉండదు, ఎందుకంటే 90 అంటే మామూలు. ఆ మనిషి ఒంట్లో మామూలు కణం ఒక్కటి కూడా లేకపోవచ్చు. లెక్కల టీచర్లు సగటు పాఠం చెప్పేటప్పుడు వర్షపాతం, క్రికెట్ పరుగులు పక్కనపెట్టి ఈ ఉదాహరణ చెప్పి చూడండి, పిల్లలు మరిచిపోరు. యంత్రం పూర్తిగా గుడ్డిది కాదు. హెచ్చుతగ్గుల అంకె పెరుగుతుంది, గ్రాఫులో ఒక గుట్టకు బదులు రెండు గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టలను చూసి ఆగేవాళ్లు ఉండాలి. స్లైడు వేసి చూస్తే చిన్నవీ పెద్దవీ పక్కపక్కనే కనిపిస్తాయి.

కొండల దూరం కూడా రక్తాన్ని మారుస్తుంది. పొద్దున్న గూడెంలో తీసిన రక్తం సీసాలో పోసుకుని, మోటారు సైకిలు మీద కిందికి తెచ్చి, అక్కడి నుంచి ఆటోలో, బస్సులో జిల్లా కేంద్రానికి పంపితే మరుసటి రోజుకు చేరవచ్చు. ఎండలో ఊగుతూ వచ్చిన సీసాలో కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి. చిన్నకణం మామూలు కణంగా లెక్కలోకి ఎక్కుతుంది. యంత్రం అబద్ధం చెప్పలేదు, తన ముందుకు వచ్చిన కణాన్ని నిజంగానే కొలిచింది. కానీ అది గూడెంలో ఉన్న మనిషి కణం కాదు, ప్రయాణం చేసిన కణం. రక్తం తీసిన చోటే, తీసిన గంటలో స్లైడు మీద పూత వేసి ఆరబెడితే ఈ చిక్కు ఉండదు. ఒక స్లైడు, ఒక బొట్టు, చిటికెడు ఓర్పు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

అలాగని కంటితో చూస్తే అన్నీ తెలుస్తాయని కూడా అనుకోకండి. సికిల్ లక్షణం ఒక్క తల్లి నుంచో ఒక్క తండ్రి నుంచో వచ్చినవాళ్ల హిమోగ్లోబిన్ మామూలుగానే ఉంటుంది, స్లైడు కూడా మామూలుగానే కనిపిస్తుంది. సెల్ కౌంటరుకూ వాళ్లు కనబడరు. ఇద్దరి చూపుకూ అందని మనుషులు వాళ్లు. హిమోగ్లోబిన్‌ను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ కావాలి. ఇంకో సంగతి. తలసేమియా లక్షణాన్నీ ఇనుము లోపాన్నీ వేరుచేసే తొలి సూచన యంత్రం దగ్గరే దొరుకుతుంది. కణం సగటు పరిమాణాన్ని ఎర్రకణాల సంఖ్యతో భాగించే లెక్క ఒకటి 1973లో మెంట్జర్ చెప్పాడు. పరిమాణం 65, సంఖ్య మైక్రోలీటరుకు 56 లక్షలనుకోండి. 65ను 5.6తో భాగిస్తే 11.6. ఇది 13 కంటే తక్కువ, తలసేమియా లక్షణం కావచ్చు. పరిమాణం 70, సంఖ్య 38 లక్షలైతే 18.4 వస్తుంది, ఇనుము లోపం కావచ్చు. నిర్ధారణ కాదు, సూచన. అయినా నూటికి ఇరవై తేడా వచ్చే చేతి లెక్కతో ఈ భాగహారం చేస్తే ఆ సూచన కూడా నమ్మలేం.

ఈ భాగహారం చేయనందువల్ల ఒక మనిషికి ఏం జరుగుతుందో చూద్దాం. తలసేమియా లక్షణం ఉన్న గర్భిణి ఒకామె ఉందనుకుందాం. ఆమె హిమోగ్లోబిన్ 9. పథకం ప్రకారం 180 రోజులు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. ఆమె మింగుతుంది. కడుపు తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, అయినా మింగుతుంది. రెండు నెలల తర్వాత మళ్లీ చూస్తే 9. "మాత్రలు మింగడం లేదు కదూ? పారేస్తున్నావు కదూ?" అని అడుగుతారు. అత్త కూడా అనుమానంగా చూస్తుంది. మూడోసారి పరీక్షకు ఆమె రాదు. అప్పుడు "వీళ్లకు అవగాహన లేదు" అని రిజిస్టరులో రాస్తారు. ఆమె ఇనుము లోపం అనే పేరుకు లొంగలేదు, అంతే. పేరు తప్పయితే మాత్ర పనిచేయదు. మాత్ర పనిచేయకపోతే నేరం మనిషి మీదికి వస్తుంది. వర్గీకరణలో పొరపాటు నైతిక ప్రశ్నగా మారే చోటు ఇదేనని మా అభిప్రాయం. యంత్రం తప్పిందా, కన్ను తప్పిందా అన్న దాని కంటే, తప్పు జరిగినప్పుడు దాని బరువు ఎవరి మీద పడుతోంది అన్నది మాకు పెద్ద ప్రశ్న. ఇప్పటిదాకా అది మింగినవాళ్ల మీదే పడుతోంది.

అంకె కచ్చితంగా ఉంటే చాలు, వర్గం కూడా సరైనదే అని చదువుకున్నవాళ్లు తొందరగా నమ్ముతారు. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ మన మనుషుల ముక్కులు కొలిపించాడు. వెడల్పును పొడవుతో భాగించి వచ్చిన అంకెతో కులాలనూ తెగలనూ మెట్లుగా పేర్చవచ్చన్నాడు. ఆయన వాడిన కొలపరికరం మంచిదే అయి ఉంటుంది, మిల్లీమీటర్లు సరిగ్గానే చూపి ఉంటుంది. కొలత సరైనది, కొలతతో కట్టిన గూడు తప్పు. అంతకు ముందే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వారు పుట్టుకతోనే ఆ గూటిలో పడ్డారు. రక్త పరీక్షను ఆ చట్టంతో పోల్చడం మా ఉద్దేశం కాదు, రక్త పరీక్ష మన మేలు కోసమే. కానీ మేలు కోసం పెట్టిన పేరు కూడా ఊళ్లోకి వచ్చాక ఎటు తిరుగుతుందో పెట్టినవాళ్ల చేతిలో ఉండదు. గ్రీసు దేశంలో ఒర్కొమెనోస్ అనే చోట సికిల్ లక్షణం ఎక్కువ. అక్కడ పెళ్లికి ముందే తెలుసుకుంటే పిల్లలకు జబ్బు రాదని మంచి మనసుతో అందరికీ పరీక్షలు చేశారు. కొన్నేళ్ల తర్వాత వెళ్లి చూస్తే లక్షణం ఉన్నవాళ్లకు సంబంధాలు రావడం కష్టమైందని, కొందరు సంగతి దాచిపెట్టారని తెలిసింది. జబ్బే లేని మనుషులు వాళ్లు.

ఇది మనకు దూరపు కథ కాదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా 17 రాష్ట్రాలలో, ముఖ్యంగా ఆదివాసీ ప్రాంతాలలో, 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. 2047 గడువు. పాడేరు నుంచి ఉట్నూరు దాకా మన పిల్లల్లో చాలామంది ఆ లెక్కలోకి వస్తారు. అంత మందికి చేతితో చేయడం కుదరదు, త్వరగా తేలే పరీక్షలూ యంత్రాలూ తప్పవు. మేము కాదనం. ఇక్కడ ఒక్క తేడా మాత్రం ప్రతి టీచరుకూ తెలిసి ఉండాలి. రక్తాన్ని ఒక ద్రావణంలో కలిపి, మసకబారితే సికిల్ ఉందని చెప్పే సాల్యుబిలిటీ పరీక్ష చవకైనది, త్వరగా అయిపోతుంది. కానీ అది లక్షణం మాత్రమే ఉన్న మనిషినీ, జబ్బు ఉన్న మనిషినీ వేరు చేయదు. ఇద్దరిదీ మసకబారుతుంది. ఒకరు జీవితమంతా మామూలుగా బతుకుతారు. ఇంకొకరికి కీళ్లలో, ఎముకల్లో చెప్పలేని నొప్పులు, చిన్న వయసులోనే ఇన్‌ఫెక్షన్లు, రక్తం ఎక్కించుకోవలసిన అవసరాలు. వాళ్లకు హైడ్రాక్సీయూరియా లాంటి మందు, కనిపెట్టుకుని ఉండే డాక్టరు కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో సికిల్ సెల్ జబ్బు, తలసేమియా ఉన్నాయి. ధ్రువపత్రం రావాలంటే రెండో పరీక్ష చీటీ కావాలి. మొదటి పరీక్ష దగ్గరే ఆగిపోతే జబ్బున్న పిల్లవాడికి హక్కు రాదు, జబ్బు లేని పిల్లకు ముద్ర పడుతుంది. రెండు అన్యాయాలూ ఒకే చీటీతో జరుగుతాయి.

ఆ లక్షణం సిగ్గుపడవలసిందేమీ కాదని కూడా పిల్లలకు చెప్పాలి. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూసి చెప్పిన సంగతి ఇది. సికిల్ లక్షణం ఒక్క వైపు నుంచి వచ్చినవాళ్లను ప్రాణాంతకమైన మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. దోమల అడవిలో తరతరాలు బతికిన వంశాలలో అది ఎందుకు నిలిచిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. రక్తంలోని ఒకే మార్పు ఒక బిడ్డకు కవచం, ఇంకో బిడ్డకు నొప్పి. దాన్ని "లోపం" అనే ఒక్క గడిలో పెట్టేటప్పుడు మన ముందుతరాలు దాటి వచ్చిన జ్వరాలను కూడా తలుచుకోవాలి. ఈ సంగతి ఏ యంత్రమూ చీటీ మీద అచ్చువేయదు, స్లైడులోనూ కనబడదు.

మమ్మల్ని ఎక్కువగా బాధించే విషయం వేరే ఉంది. పట్నంలోని పెద్ద ఆస్పత్రిలో యంత్రం ఏదైనా తేడాగా చూపితే చీటీ మీద గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసి స్లైడు వేస్తారు, పాథాలజిస్టు చూస్తారు, ఆ తర్వాతే పేరు పెడతారు. అంటే అక్కడ యంత్రమూ ఉంది, కన్నూ ఉంది. కొండ మీద యంత్రం లేని రోజుల్లో కన్ను ఒక్కటే ఉండేది. యంత్రం వచ్చాక, ఆ యంత్రానికి మందుద్రావణాలు అందినంత కాలం, యంత్రం ఒక్కటే ఉంది. అదే గుర్తు ఇక్కడి చీటీ మీదా పడుతుంది. చూసి ఆగే మనిషి లేడు. గుర్తుతోనే చీటీ ఇంటికి వస్తుంది, మనం దాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెడతాం. యంత్రమా మనిషా అనే తగువు పెద్ద ఆస్పత్రులలో ఎప్పుడో తీరిపోయింది, వాళ్లు రెండూ ఉంచుకున్నారు. మనకే ఏదో ఒకటి ఎంచుకోమంటున్నారు. "కొండల్లో పాథాలజిస్టు ఎలా వస్తాడు, యంత్రం వచ్చిందని సంతోషించండి" అనే మాట వినడానికి ఆచరణకు దగ్గరగా ఉంటుంది. కానీ ఇది వైద్యపు మాట కాదు, ఎవరి రక్తానికి ఎంత శ్రద్ధ చాలు అన్న మాట.

కాబట్టి మన పిల్లల్లో కొందరు ఈ పని నేర్చుకోవాలని మేము కోరుతున్నాం. డీఎంఎల్‌టీ చదివే మన అబ్బాయిలూ అమ్మాయిలూ ఇప్పటికే చాలామంది ఉన్నారు. "ఇప్పుడు అంతా యంత్రమే కదా, స్లైడు చూడడం ఎందుకు" అని కాలేజీలో అనుకుంటుంటారు. ఎందుకో పైన చెప్పాం. వెయ్యి స్లైడులు చూసిన కన్ను ఊళ్లో ఒకటుంటే ఆ ఊరి యంత్రం కూడా బాగా పనిచేస్తుంది, తప్పు చెబితే పట్టుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి. ఆ కన్ను మన భాష తెలిసిన మనిషిదైతే ఇంకో మేలు. రక్తం ఇచ్చినామెను "ఈ మధ్య జ్వరం వచ్చిందా? మీ అన్నదమ్ముల పిల్లలెవరికైనా కీళ్లు వాస్తాయా? మాత్రలు మింగితే నిజంగా ఏమవుతోంది?" అని అడగగలదు. ఆమె చెప్పే జవాబు కూడా పరీక్షలో భాగమే. యంత్రం చేసిన లెక్కకు యంత్రం బాధ్యత వహించదు. ఆ చీటీ కింద సంతకం చేసే మనిషి వహించాలి, సంతకం చేసే ముందు గుర్తులన్నీ చదవాలి.

ఈ లోపు ఇంట్లో, బడిలో చేయగలిగినవి ఉన్నాయి. సీబీపీ చేయిస్తే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి వదలకుండా, కణం పరిమాణం, ఎర్రకణాల సంఖ్య నోటుబుక్కులో తేదీతో రాసి పెట్టండి. పైన చెప్పిన భాగహారం తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలరు. అంకె 13 కంటే తక్కువొస్తే హెచ్‌పీఎల్‌సీ కావాలని డాక్టరును మర్యాదగా అడగవచ్చు. అది తేలేదాకా మాత్రలు మీ అంతట మీరు మానకండి, ఇనుము లోపం కూడా తోడుగా ఉండవచ్చు. మాత్రలు మింగినా అంకె కదలకపోతే ఆ మాట దాచకుండా చెప్పండి, "మింగాను, పెరగలేదు" అని. చీటీ మీద నక్షత్రం గుర్తో, హెచ్చరిక మాటో ఉంటే "దీనికి స్లైడు వేశారా అండీ?" అని అడగండి. వేయలేదంటే వేయమనండి. పిల్లల ఫలితాలు టీచర్ల దగ్గరుంటే తరగతిలో పైకి చదవకండి, గోడకు అంటించకండి. ఎవరి చీటీ వాళ్ల తల్లిదండ్రులకే ఇవ్వండి. సికిల్ పరీక్షలో ఉందని వస్తే లక్షణమా, జబ్బా అని రాసిచ్చిన రెండో కాగితం వచ్చేదాకా ఊళ్లో ఎవరికీ ఏ పేరూ చెప్పకండి.

చివరిగా చిన్న సంగతి. రంగు వేసి ఆరబెట్టిన స్లైడును వెలుతురు తగలకుండా పెట్టెలో పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఇంకొకరు మళ్లీ తీసి చూడవచ్చు. చాలా యంత్రాలు వాడే థర్మల్ కాగితం చీటీ మాత్రం వేడికి, వెలుతురుకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే దాన్ని జెరాక్సు తీయించుకోండి.